పంతొమ్మిదో నంబరు

ఆ ల్యాబ్ నేలమాళిగలో ఉంది. కిటికీల్లేవు. ట్యూబ్‌లైట్లు వేస్తేనే పగలు. ఏళ్ల తరబడి మూసిన గది కావడంతో, పరికరాలకి కరెంటు ఇవ్వగానే వాటి మీది దుమ్ము వేడెక్కి కాలిన వెంట్రుకల వాసన వచ్చింది.

పనికి వెళ్లింది మేమిద్దరమే. బావ, అంటే మా అక్క మొగుడు, పాత పరికరాలు బాగుచేస్తాడు. నేను ప్రోగ్రాములు రాస్తాను. ఓల్టుమీటరు, పవర్ సప్లై, ఫ్రీక్వెన్సీ కౌంటరు, ఈ మూడింటినీ కంప్యూటర్‌కి కలిపి సాయంత్రంలోగా తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యాలి.

వేలంత లావున్న జీపీఐబీ కేబుల్ ఒకటి కంప్యూటర్ దగ్గర మొదలై, ఒక్కో పరికరాన్నీ కలుపుకుంటూ పోతుంది. ఒక్కోదానికీ ఒక నంబరు. కంప్యూటర్ ఏ నంబరుని పిలిస్తే అది పలుకుతుంది. మావి మూడు, ఏడు, పన్నెండు.

బావ బల్ల కిందకి దూరి స్క్రూలు బిగిస్తున్నాడు. నేను అన్ని నంబర్లనీ వరసగా పిలిచే ప్రోగ్రాం నడిపాను.

మూడు పలికింది. ఏడు. పన్నెండు. పంతొమ్మిది.

"బావా, నాలుగోది ఏమన్నా తగిలించావా?"

"ఉన్నవే మూడు. పెళ్లికి ముందు మీ అక్క కూడా నీకు లెక్కలు రావనే చెప్పింది."

"నవ్వులాట కాదు. ఒకసారి కేబుల్ చూడు."

చేత్తో తడుముతూ చివరిదాకా వెళ్లాడు. "కౌంటరు దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత ఏం లేదు."

నువ్వెవరని పంతొమ్మిదిని అడిగాను. ఏ పరికరమైనా తన పేరూ మోడలూ చెప్పాలి. ఇది ఒక్క అంకె పంపింది. 36.9 C.

మా మూడింట్లో వేడి కొలిచేది ఒక్కటీ లేదు.

మళ్లీ అడిగాను. 36.1.

"ఏసీ తగ్గించు, చలేస్తోంది," అన్నాడు బావ.

ఏసీ పని చేయడం లేదు. నాకు చెమట పడుతోంది.

34.8.

"బావా, బయటికి రా."

"వస్తా... ఈ ఒక్క స్క్రూ..." మాట ముద్దగా వచ్చింది. కింద స్క్రూడ్రైవర్ జారిపడిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

వంగి అతని చెయ్యి పట్టుకున్నాను. ఐసులోంచి తీసినట్టుంది. ఆ అంకె ఎవరి ఒంటి వేడో అప్పుడు అర్థమైంది.

కంప్యూటర్ వెనక కేబుల్ పట్టుకుని లాగేశాను. ఊడొచ్చింది. తెర వంక చూశాను.

33.2.

నేను అడగలేదు. కేబుల్ నా చేతిలోనే ఉంది...

32.7...

చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుంటూ పోయాను. అంత బరువు ఎలా లాగానో ఇప్పటికీ తెలియదు. మెట్ల దగ్గర నా అరుపు విని వాచ్‌మన్ పరుగున వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పైకి చేర్చాం.

ఆసుపత్రిలో డాక్టరు రెండుసార్లు థర్మామీటరు మార్చి చూసింది. "ఒంటి వేడి ముప్పై రెండు డిగ్రీలకి పడిపోయింది. కోల్డ్ స్టోరేజీలో పనా ఈయనది?"

కాదన్నాను.

రెండు గంటలకి ఒళ్లు వేడెక్కింది. కళ్లు తెరిచాడు. అప్పటికి అక్క వచ్చేసింది. ఏడుపు ఆపుకుంటూ మంచం పక్కన నిలబడింది. బావ ఆమె వైపు చూసి, మెల్లగా గోడవైపు జరిగి చోటిచ్చాడు.

"కూర్చోండి," అన్నాడు.

అక్కకి కన్నీళ్లలోనే నవ్వొచ్చింది. "నన్నెప్పటి నుంచి అండీ అంటున్నారు?" అంటూ కూర్చోబోయింది.

బావ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నువ్వు కాదు," అన్నాడు గుసగుసగా.