ప్రమాణ గళం

విమల గళపట్టీ బిగించుకుని "ఆ" అంది. పట్టీ ఒప్పుకోలేదు. మళ్లీ అంటే, ఇంటిభాష జాడ ఉందని దాని అంచున పసుపు గీత వెలిగింది. పొద్దున పాలు పొంగి పొయ్యిపాలైతే లంబాడీలో తిట్టిన తిట్టు ఇంకా గొంతులోనే ఉందన్నమాట. పాలు పోయిన బాధ ఆ మాయదారి పట్టీకేం తెలుసు? విమల శుద్ధిపాఠం తెరిచి, గీత ఆరిపోయేదాకా వానల గురించి ఇంగ్లీషులో చదువుకుని, తరగతిలోకి వెళ్లింది.

జలాశయం ఒడ్డున కొండ మీదున్న ఆ హైస్కూల్లో ఆంగ్ల వికాస తరగతి అంటే ఆమె గొంతే. కోయ, లంబాడీ, ఒడియా, తెలుగు పిల్లలంతా ఆ గొంతు విని నేర్చుకుంటారు. ఇక్కడే కాదు, మన్యంలోని బడులన్నిటికీ ఆమెదే ప్రమాణ గళం. పట్టీ తనిఖీ తరగతికి ముందే; లోపల ఆమె పలికిన ప్రతి వాక్యాన్నీ యంత్రం సరైనదని నమ్మి, అదే క్షణంలో అన్ని బడుల పిల్లలూ పెట్టుకునే చెవిపోగుల్లోకి పంపుతుంది. అక్కడి పిల్లలు దాన్ని తిరిగి అంటారు. అందుకే ఆమెకొక కట్టడి ఉంది. పిల్లలు చెప్పిన జవాబును తాను మళ్లీ పైకి అనకూడదు; అంటే తప్పు కూడా ఒప్పైపోతుంది. అలా తిరిగి అనడం ఏ పంతులమ్మకైనా ఉండే అలవాటే. దాన్ని మానుకోవడానికి విమల చాలాకాలం పెదవులు కొరుక్కుంది.

ఇవాళ మౌఖిక పరీక్ష. వెనక బల్ల దగ్గర పర్యవేక్షకుడు దయానిధి కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. రాగానే విమలను పక్కకు పిలిచి పూనెం కన్నమ్మ సంగతి గుర్తుచేశాడు. ఆ పిల్ల మాటలో ఇంటిభాష జాడ ఎక్కువ. ఇవాళ కూడా ఆమె మెడలోని పట్టీ మీది దీపం ఎర్రబడితే వినికిడి గదికి పంపక తప్పదు. అక్కడ ఏడాదిపాటు పిల్లలు వినడమే గాని మాట్లాడటం ఉండదు. పోయినేడు అలా వెళ్లొచ్చిన పిల్ల ఒకతి సంతలో విమలకు ఎదురుపడింది. కన్నతల్లి పలకరించినా తలూపుతోంది తప్ప నోరు విప్పడం లేదు. ఆ రోజు నుంచి విమలకు ఎర్రదీపమంటే భయం.

కన్నమ్మ లేచి నిలబడింది. మీ ఇంట్లో చేసే పని ఒకటి చెప్పమని ప్రశ్న. ఇంగ్లీషులో చక్కగానే మొదలుపెట్టింది. వేసవిలో తెల్లారకముందే అమ్మతో కలిసి ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లడం, తడి నేల, బుట్ట, ఎలుగుబంటి వస్తుందేమోనని అమ్మ చేసే చప్పుళ్లు. దీపం ఆకుపచ్చగానే ఉంది. విమల ఊపిరి పీల్చుకుంది.

"మొదటి పువ్వు ఏరే ముందు మా అమ్మ చెట్టుతో..." అని ఆగిపోయింది కన్నమ్మ.

ఆ మాటకు ఇంగ్లీషు దొరకలేదు. మౌనాన్ని కూడా పట్టీ తప్పుగానే లెక్కేస్తుంది. దీపం పసుపుకు తిరిగింది. యంత్రం విమల చెవిలో ఒక జవాబు వినిపించింది. ఆమె దాన్నే ఇంగ్లీషులో పిల్లకు అందించింది.

"చెట్టుకు థాంక్స్ చెబుతుంది. అంతేనా, కన్నమ్మా?"

"అది కాదు, టీచర్. థాంక్స్ కాదు."

ఒప్పుకో తల్లీ, అని విమల లోలోపల బతిమాలింది. ఈ ఒక్కసారికి అబద్ధమాడి బయటపడు. దయానిధి కూడా ఒప్పుకోమన్నట్టే తలాడించాడు. కన్నమ్మ ఇద్దరినీ చూసింది. తల దించుకుని, చెట్టుతో తన తల్లి పలికే ఆ మాటను కోయలోనే చెప్పేసింది. చిన్న వాక్యం.

దీపం ఒక అంచు నుంచి ఎర్రబడసాగింది. నిండిపోతే ఇక దాన్ని మార్చే దిక్కు లేదు.

విమలకు కోయ రాదు. ఆ మాట చెట్టును అడగడమో, బుజ్జగించడమో ఆమెకు తెలియదు. పిల్ల నిజం చెప్పిందని మాత్రం తెలుసు. ఉద్యోగం పోతుందనీ గుర్తొచ్చింది. అయినా కన్నమ్మ పెదవులనే చూస్తూ, ఆ వాక్యాన్ని పైకి అంది. సగంలో తడబడింది.

కన్నమ్మ తలెత్తి, నెమ్మదిగా ఇంకోసారి చెప్పింది. టీచర్ వెంటే అంది. ఈసారి తడబడలేదు.

ఎరుపు ఆగింది. ప్రమాణ గళాన్ని కాదనడం యంత్రానికి ఎవరూ నేర్పలేదు. దీపం తిరిగి ఆకుపచ్చగా మారింది.

"ఎంత పని చేశావమ్మా," అన్నాడు దయానిధి లేచి నిలబడి. బడి కంచె లోపల ఆయన నోట తెలుగు రావడం అదే మొదలు.

అప్పటికే పక్క గదిలో పిల్లలు గొంతులు కలిపి ఆ కోయ మాట అంటున్నారు. గోడకవతలి నుంచి అది స్పష్టంగా వినబడుతోంది. ఈ పాటికి మన్యమంతటా అంటూ ఉంటారు. యంత్రాన్ని నడిపే కేంద్రం నుంచి పిలుపు విమల చెవిలో మోగడం మొదలైంది. ఆమె చెవిపోగు తీసి బల్ల మీద పెట్టింది. గళపట్టీని మాత్రం తీయలేదు.

"ఆ తర్వాత ఏమంటది మీ అమ్మ, కన్నమ్మా?" అని అడిగింది.