బైరాగి ముట్టని మౌస్

బైరాగి చచ్చిపోయాడు. అతని డ్రమ్స్ మాత్రం ఇంకా మోగుతున్నాయి.

2006 సెప్టెంబరు 17, ఆదివారం, పొద్దున పదకొండు. కలకత్తా భవానీపూర్‌లో చీరల కొట్టు మీదున్న చిన్న రికార్డింగ్ స్టూడియో. రిథమ్ ప్రోగ్రామర్ బైరాగి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్స్, పక్కన సగం తాగిన టీ. ఎదురుగా కంప్యూటర్లో డ్రమ్ సింథసైజర్ సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంది. తోలూ లేదు, కర్రా లేదు. తెర మీద వరసగా పదహారు గళ్ళు, పిచ్ అనీ డికే అనీ రాసిన బొమ్మ మీటలు కొన్ని. గడి నొక్కితే దెబ్బ, పిచ్ మీట తిప్పితే ఆ దెబ్బ స్వరం, డికే మీట తిప్పితే దాని తోక పొడవు మారుతుంది. నాలుగు ఆవర్తాల ముక్క ఒకటి ఆ చెవుల్లో తిరిగి తిరిగి మోగుతోంది.

ఏజెంట్ దయానందం పెన్ను మొనతో స్పేస్‌బార్ నొక్కి దాన్ని ఆపాడు.

అతనిది ఎలక్ట్రీషియన్ వేషం. చేతిలో పనిముట్ల సంచి. ఆ వేషం ఎంచినవాడు అతని బాస్ శ్యామసుందర్. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చి ఆర్నెల్లయింది, పాపం ఆయనకేం తెలుసు. ఇవాళ విశ్వకర్మ పూజ. కలకత్తాలో రిక్షా నుంచి రోడ్డు రోలరు దాకా బొట్టు పెట్టించుకుని విశ్రాంతి తీసుకునే రోజు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వీధిలో తిరిగే మనిషిని పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. కింద వాచ్‌మన్ చూశాడు కూడా. "ఆజ్‌కే కాజ్, దాదా?" ఇవాళ కూడా పనా అన్నా, అని నోరు తెరిచాడు.

దయానందం ఫోన్ తీశాడు.

"విషం సార్. టీలో."

అవతల ఫోన్‌లో శ్యామసుందర్. "నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేశాడు దయానందం. 'నా ట్రాకులో నేను వెయ్యని దెబ్బలున్నాయి సార్, చెరిపేశాను, మళ్ళీ ఎవరో వేస్తారని భయంగా ఉంది' అన్నాడు. పొద్దున చూద్దామన్నాను."

"నిన్ననే చూడాల్సింది సార్."

"ఆ మాట నువ్వు అనక్కర్లేదు. విను. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా గార్డెన్ రీచ్‌లో కట్టే నేవీ ఓడ మీద కన్నేసింది. బైరాగి స్టూడియోకీ దానికీ సంబంధమేమిటో ఇవాళే తేల్చాలి. ఆర్కిడ్ లోపల నాలుగేళ్ళుగా మన మనిషి ఒకరున్నారు. నీ దగ్గరకు వస్తున్నారు. కోడ్: నదిలో నీళ్ళెంత?"

"నదిలో నీళ్ళెంత?" దయానందం పైకే అన్నాడు.

"మోకాలి దాకా." కోడ్ జవాబు వెనక నుంచే వచ్చింది.

గుమ్మంలో విజయ కుమారి. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు, పార్క్ స్ట్రీట్ హోటళ్ళలో పాడే గొంతు. పోస్టర్ల మీద ఆమె పేరు వీకే. దయానందానికి మాత్రం గార్డెన్ రీచ్ పోర్టు క్వార్టర్సులో పక్కింటి పిల్ల, చర్చి కాయిర్లో ముందు వరసలో నిలబడ్డ పిల్ల. డిపార్టుమెంటు మనిషని ఇప్పుడే తెలిసింది. గుండె ఒకసారి ఎగిరిపడింది. ఆ మాట ఒప్పుకోడానికి అతనికి సిగ్గేమీ లేదు.

"ఏటి దయా, అలా సూస్తన్నావు? నువ్వొక్కడివే గూఢచారివనుకున్నావేటి?"

"ఎప్పుడొచ్చినావు?"

"తొమ్మిదికి ఒకసారొచ్చాను. పని సేస్తన్నాడు. పాట పూర్తి సేసి, సేవ్ సేసి, టీ తాగుతున్నాడు. నేనెల్లిపోయాను. అంతే."

దయానందం తన చేతి గడియారం పట్టీ ఊడదీశాడు. అందులో దాచిన మెమరీ స్టిక్‌ను కంప్యూటర్‌కి గుచ్చి ఫైలు కాపీ చేశాడు. చివరిసారి సేవ్ చేసిన సమయం: ఇవాళ 9:10. బల్ల మీద ఖాళీ సీడీ కవరు. దాని మీద బైరాగి చేతిరాత: 'గవరయ్య మామకి, హారతి పాట.'

గవరయ్య ఓడల యార్డులో మూడో నంబరు షెడ్డు ఫోర్‌మన్. ఏటా అక్కడి తెలుగువాళ్ళు చేసే పూజకు బైరాగే పాట కట్టి ఇస్తాడు. సీడీ ఈపాటికి అక్కడికి చేరి ఉంటుంది, పన్నెండున్నరకి హారతి. ఆ గోడ అవతలే నేవీ ఓడ.

"పద," అన్నాడు దయానందం.

"కారు నేను తోలతాను. నువ్వు ఆ ఫైలు సూడు," అంది విజయ కుమారి.

కారు ఖిదిర్‌పూర్ వైపు నెమ్మదిగా సాగింది. ఆమె ప్రతి సిగ్నల్ దగ్గరా బుద్ధిగా ఆగుతోంది. ఇళ్ళ మీద గాలిపటాలు. ప్రతి గ్యారేజీ ముందూ లౌడ్ స్పీకర్లు.

దయానందం సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుని, అదే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించాడు. బైరాగి దెబ్బలు గుర్తుపట్టడం తేలిక. చేత్తో వాయించినట్టు ఒక వెంట్రుక ముందో వెనకో పడేలా వేస్తాడు, అందుకే అతని డ్రమ్స్‌కి ప్రాణం ఉంటుంది. కానీ పాట మొదట్లో ఎనిమిది, రెండున్నర నిమిషాల దగ్గర మళ్ళీ ఎనిమిది కిక్ దెబ్బలు, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బలు, గళ్ళలో కచ్చితంగా, కొలబద్ద పెట్టినట్టు కూర్చున్నాయి. పిచ్ నలభై ఒకటి. చెవి కంటే ముందు పొట్టకి తెలిసేంత లోతు. ఇవి బైరాగివి కావు.

ఇంకేదో కూడా సరిగా లేదు. స్టూడియోలో చూసినదే. ఏమిటది?

బొట్టు. బైరాగి కీబోర్డుకీ మౌస్‌కీ గంధం పూసి కుంకుమ పెట్టి ఉంచాడు. వడ్రంగుల ఇంటి బిడ్డ. కంప్యూటరే అతని ఉలి. కీబోర్డు మీద బొట్టు చెక్కు చెదరలేదు. మౌస్ మీద బొట్టు నలిగిపోయి ఉంది. దయానందం తండ్రి సత్యానందం ప్రొటెస్టెంటే, పూజలంటే ఆమడ దూరం పోయేవాడు, అయినా ఇదే యార్డులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి ఈ రోజున ఒక్కసారి కూడా స్పానర్ ముట్టలేదు. అలాంటిది బైరాగి పూజ చేసిన మౌస్ పట్టుకుని తొమ్మిదింటికి పని చేశాడా? నిన్ననే పని ముగించి, పొద్దున బొట్టు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుని ఉంటాడు.

మరి మౌస్ ఎవరు ముట్టారు?

అతను తల తిప్పి స్టీరింగ్ మీది చేతులు చూశాడు. ఎర్ర గోళ్ళ మధ్య ఎరుపు కనబడదు. కానీ కుడి చూపుడు వేలి కొస మీద, చర్మపు గీతల్లో, కుంకుమ. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా బొట్టు పెట్టుకోని ఇంటి పిల్ల వేలికి కుంకుమ.

కంచే చేను మేసింది.

"కారు పక్కకి ఆపు విజయా." అతని పిస్టల్ ఆమె పక్కటెముకలకు ఆనింది. "నీ వేలు సూసుకో."

ఆమె చూసుకుంది. చీర కొంగుతో తుడవబోయి మానేసింది. కళ్ళద్దాలు తీసింది.

"నేను సంపలేదు. మత్తు మందన్నారు. కాసేపు పడుకుంటాడన్నారు."

"కలిపిందెవులు?"

ఆమె తనే చేతులు ముందుకు చాపింది. అదే జవాబు. దయానందం ఆమె రెండు చేతులకూ బేడీలు వేసి, తను స్టీరింగ్ వైపు వచ్చాడు.

"ఆ దెబ్బలేటి?"

"నీకనవసరం. అయిపోయింది దయా. ఇంకో పదిహేను నిమిషాలు. షెడ్డు గోడ కూల్తది, ఓడ పాడవుద్ది. అంతే."

"పండగ రోజు. షెడ్డు నిండా పిల్లా జెల్లా ఉంటారు!"

"మనోళ్ళుండరు." ఆమె కిటికీలోంచి బయటకు చూసింది. "ఈ యేడు పూజ ఆదివారం పడిందని సూసే పెట్టాను. ఒంటిగంట దాకా ఆరాధన, స్త్రీల కూడిక. మనోళ్ళంతా సర్చిలోనే ఉంటారు."

ఆ మాటకు దయానందానికి కోపం కంటే దుఃఖం ఎక్కువ వచ్చింది. నాలుగేళ్ళు రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నడిచిన మనిషి చివరికి లెక్క వేసుకున్నది ఇదీ, ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు అని.

"మీ యమ్మ అక్కడే ఉంటది విజయా."

ఆమె నవ్వింది. "మాయమ్మా? రోజమ్మా? విగ్రహం ముందరి ఖిచుడీ వాసనొస్తే ముక్కు మూసుకుంటది. అబద్ధమాడినా అతికినట్టుండాలి."

"ఖిచుడీకి కాదు. మీ నాయన లేత్ మిషను కోసం. ఆయన పోయిన కాడ్నించి ఏటా ఈరోజున వొస్తది. కొంగుతో ఆ మిషను తుడిసి, కాసేపు కూకుని ఎల్లిపోద్ది. పేమిలీల్ని లోనకి రానిచ్చేది ఈ ఒక్కరోజే కదా. మా నాయన సెప్పాడు నాకు. సంఘంలో ఎవులికీ తెల్దు."

అతను గవరయ్య నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. డోళ్ళు, శంఖాలు, జనం. "ఏటీ? ఇనబడ్డం లేదురా!" గవరయ్య అరుపు. "గవరయ్య మామా, పాట ఎయ్యకు! జనాన్ని బయటికి..." "ఇనబడ్డం లేదంతన్నానా! ఇదిగో, రోజమ్మొదిన ఇక్కడే ఉంది, మాటాడు!"

"ఎవులూ, దయ బాబా?" ముసలి గొంతు. "నేనిక్కడున్నట్టు..."

లైన్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. యార్డు గేటుకు చేస్తే, పూజ రోజు అక్కడ ఫోనెత్తే నాథుడు లేడు.

విజయ కుమారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు మాటలు వరదలా వచ్చాయి. బాంబు పెద్ద సౌండ్ బాక్సులో ఉంది. మొదటి ఎనిమిది దెబ్బలు వింటే యంత్రం మేలుకుంటుంది. రెండో ఎనిమిది వింటే పేలుతుంది. మేలుకున్నాక సౌండ్ ఆపినా పేలుతుంది, బాక్సు విప్పినా పేలుతుంది.

"పడుకోబెట్టే దారి?"

"ఉంది. స్టూడియోలో టెస్టింగుకి పెట్టుకున్నాం. అవే ఎనిమిది, పిచ్ మార్చి. యాభై ఎనిమిది. ఒకసారి పడుకుంటే మళ్ళీ సేత్తో మీట నొక్కేదాకా లేవదు."

దయానందం శ్యామసుందర్‌కు రెండు ముక్కల్లో చెప్పాడు. బాంబ్ స్క్వాడ్‌కి నలభై నిమిషాలు పడుతుందన్నాడాయన. దయానందం హారన్ మీద చెయ్యి తియ్యకుండా గార్డెన్ రీచ్ రోడ్డు పట్టాడు. చేతిలో ఉన్నది ఒక నమ్మకద్రోహి చెప్పిన నంబరు. అది తప్పయితే?

ఆమె అతని మనసు చదివినట్టే అంది. "తప్పయితే నేనూ లోనే ఉంటాను. తీసుకెల్లు."

మూడో నంబరు షెడ్డుకు చేరేసరికి పన్నెండు ముప్ఫై రెండు. పాట మొదలై నిమిషంన్నర దాటింది. యంత్రం మేలుకుంది. షెడ్డులో మూడు వందల మందికి తక్కువ ఉండరు. దండలేసిన మిషన్లు, కొత్త బట్టల పిల్లలు. "పారిపొండి" అని అరిస్తే ఉన్న ఒక్క తలుపు దగ్గర తొక్కిసలాటలోనే సగం మంది పోతారు.

మైక్ సెట్టు పందిరి గుడ్డ వెనక ఉంది. దయానందం ఆమెను లాక్కుంటూ అక్కడికి దూరాడు. ఆపరేటర్ను పక్కకు తోసి, లాప్‌టాప్ వైరును మిక్సర్‌లో గుచ్చాడు. పాటలో రెండు నిమిషాల అయిదు సెకన్లు. కిక్ డ్రమ్ తెరిచాడు. పిచ్ మీట నలభై ఒకటి నుంచి తిప్పాడు. చెమట చేతికి అది యాభై ఆరు దగ్గర ఆగింది, అరవైకి దూకింది, చివరికి యాభై ఎనిమిది మీద నిలబడింది. గళ్ళలో ఎనిమిది దెబ్బలు నింపాడు. రెండు నిమిషాల పదిహేను.

"ఆగు!" విజయ కుమారి బేడీల చేతులతో తెర చూపించింది. "డికే తగ్గించు. తోక పొడుగైతే యంత్రం రెండు దెబ్బల్ని ఒకటిగా లెక్కెడతాది. బాగా తగ్గించు. ఇంకా."

ఈ మాట ఆమె చెప్పకపోయినా అడిగేవాడు లేడు. దయానందం అప్పుడు నమ్మాడు. డికే మీట అడుగుదాకా లాగాడు.

పందిరి గుడ్డ చీలికలోంచి ఆమె అవతలికి చూస్తోంది. సౌండ్ బాక్సు పక్కనే పాత లేత్ మిషను. దాని ముందు స్టూలు మీద తెల్ల చీర, బొట్టు లేని నుదురు, చేతిలో తడి కొంగు. రోజమ్మ మిషను పళ్ళ చక్రాన్ని పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడుస్తోంది. మూడు అడుగుల దూరం.

రెండు నిమిషాల ఇరవై. దయానందం స్పేస్‌బార్ నొక్కాడు.

ఎనిమిది పొట్టి దెబ్బలు హారతి పాట మీద అడ్డదిడ్డంగా పడ్డాయి. భక్తులు తలలు తిప్పారు. ఎవరో "ఓరి నీ తాళం మండా" అన్నారు. రెండు నిమిషాల ముప్ఫై. ఇప్పుడు అసలు ఎనిమిది మొదలయ్యాయి. ఒకటి. రెండు. కాళ్ళ కింద సిమెంటు అదిరింది. విజయ కుమారి కళ్ళు మూసుకోలేదు, తల్లినే చూస్తోంది. అయిదు. ఆరు. దయానందం చిన్నప్పటి ప్రార్థన ఒకటి గుర్తు తెచ్చుకోబోయి మధ్యలో మరిచిపోయాడు. ఏడు. ఎనిమిది.

శంఖం ఊదారు. హారతి పళ్ళెం కదిలింది. అంతే.

గంట తర్వాత స్క్వాడ్ వాళ్ళు ఆ సౌండ్ బాక్సును "పాడైంది, రిపేరుకి" అని చెప్పి ట్రాలీ మీద బయటకు తోసుకుపోయారు. విజయ కుమారిని శ్యామసుందర్ మనుషులు వెనక తలుపు నుంచి తీసుకెళ్ళారు. ఆమె అడిగింది ఒక్కటే, అమ్మకు కనబడకుండా తీసుకెళ్ళమని. బైరాగి ఇంట్లో ఎవరు చెబుతారన్న ప్రశ్నకు శ్యామసుందర్ తనే వెళ్తానన్నాడు. ఆయన కలకత్తా వచ్చాక చేసిన మొదటి సరైన పని అదే.

దయానందం మిక్సర్ పక్కనే కూర్చుని లాప్‌టాప్ వైరు చుడుతున్నాడు. రోజమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"దయ బాబూ, ఆ పోనులో ఏటో సెప్పబోయి తెగిపోనాది. నేనిక్కడికొచ్చినట్టు ఎవులికీ సెప్పకు. ముఖ్యంగా మా విజయకి."

"విజయకి సెబితే ఏటత్తా?"

"మాయమ్మ ఆ గుమ్మం తొక్కదని అందరికాడా గొప్పగా సెప్పుకుంటది బాబూ. ఇంటే ఏటనుకుంటది? దానికి నా మీద మా సెడ్డ నమ్మకం. మాటియ్యి."

ఆమె చెయ్యి చాపింది. మిషను నూనె అంటిన చెయ్యి. దయానందం దాని మీద చెయ్యి వేశాడు.

"సెప్పనత్తా."

పన్నెండేళ్ళ సర్వీసులో అతను దేశానికి సంబంధించిన రహస్యాలు వందల కొద్దీ దాచాడు, ఒక్కటీ పొక్కలేదు. మాట ఇచ్చేలోపే బయటపెట్టేసింది మాత్రం ఇదొక్కటే.