మోకాలి వెనుక ఎర్ర వలయం

డాక్టర్ బ్రెదా కొస్మాచ్‌ను కొచెవ్యె అడవి గుడిసెలో ఎవరో కాల్చి చంపి పది రోజులైంది. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి, పిడుదులు కుడితే వచ్చే లైమ్ జబ్బు ఏ లోయలో ఎంత ఉందో మ్యాప్ గీసిన మనిషి ఆవిడ. పాపం, పిడుదులతో తప్ప ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు.

గూఢచారి శాఖ చీఫ్ తన ఏజెంట్ గోరజ్ద్‌ను పిలిచి బ్రీఫింగ్ ఇచ్చాడు. హంతకులది విదేశీ ముఠా. రిసార్టుల కోసం వాళ్లు కొన్న మూడు లోయలు మ్యాప్‌లో జబ్బు ఎక్కువని ఎర్రగా ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి ల్యుబ్ల్యానా ప్రెస్‌లో ప్లేటు మార్చి, వాటిని తెల్లగా అచ్చేయిస్తారు. ఆ తెలుపును నమ్మి వేసవి క్యాంపుల పిల్లలు గడ్డిలో దొర్లుతారు. ముఠాకు సాయం చేస్తున్న ‘నక్క’ మన ఆఫీసులోనే ఉంది.

"నీకు తోడు ఏజెంట్ నేవా," అన్నాడు చీఫ్.

అడవి నుంచి రాగానే ఒకరి ఒళ్లు ఒకరు చూసి పిడుదులు ఏరుకోవడం అక్కడివాళ్ల అలవాటు. మూడేళ్లు నేవా మోకాళ్ల వెనుక చూసింది గోరజ్దే. మార్చిలో ఆమె అతన్ని వదిలి వెళ్లిపోయింది.

ఐదుకు పది నిమిషాలుండగా ఇద్దరూ పనివాళ్ల వేషంలో ప్రెస్‌లో ఉన్నారు. సిరా మరకల గౌనులో కూడా నేవా అందంగానే ఉంది, ఏం చేస్తాం! నెల రోజులుగా పిరాన్ సముద్రతీరంలోనే ఉన్నానని, అడవి మొహమే చూడలేదని చెప్పింది. ప్లేటు సరిచూస్తానంటూ మెషిన్ మీదికి వంగింది. మోకాలి వెనుక, పిడుదు కుట్టి లైమ్ సోకితే లేచే పెద్ద ఎర్రటి వలయం కనిపించింది.

"నేవా, నీకు లైమ్ వచ్చింది."

"నాకెందుకొస్తుంది? టీకా వేయించుకునే వెళ్లాను."

"ఎక్కడికి?"

ఆమె లిప్‌స్టిక్‌లా కనిపించే చిన్న పిస్టల్ తీసి అతని గుండెకు గురిపెట్టింది.

"ఆ టీకా పిడుదులు తెచ్చే మెదడువాపుకి," అన్నాడు గోరజ్ద్. " లైమ్‌కి టీకా లేదు. నువ్వు మార్చిన మ్యాప్ మీద డాక్టరమ్మ రాసిన మొదటి వాక్యమే అది. చదవలేదా?"

చదవలేదని ఆమె మొహమే చెప్పింది. ఐదు గంటలు కొట్టింది, మెషిన్ కదిలింది. గోరజ్ద్ ఆమెకు వీపు తిప్పి, స్విచ్ లాగేశాడు. మొదటి కాగితం సగంలో ఆగింది. పిస్టల్ పేలలేదు.

"వెనకాల నాకెలా కనిపిస్తుంది? చూసేవాళ్లెవరున్నారు?" అంది నేవా మెల్లగా.

గోరజ్ద్‌కు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బేడీలు వేశాడు. జైలు డాక్టరుకు ఫోన్ చేసి ఈ రోజే మాత్రలు మొదలుపెట్టమని బతిమాలాడు. తర్వాత అసలు ప్లేటు పెట్టించి, కొచెవ్యె దగ్గర కేసుల అంకెను ఒకటి పెంచమన్నాడు.