న్యేపి నాడు అర్యాని చెవులు

మధ్యాహ్నమైనా అర్యానికి కాలు ఒకచోట నిలవడం లేదు. మంచం మీద కూర్చుంటుంది, లేస్తుంది, నీళ్ల కుండ దాకా వెళ్లి తాగకుండానే తిరిగొస్తుంది. ఇవాళ న్యేపి. బాలి దీవి మొత్తం నోరు మూసుకుని ఇంట్లో కూర్చునే రోజు. వీధిలో బండి లేదు, పొయ్యిలో నిప్పు లేదు. అర్యాని చెవుల్లో మాత్రం కుయ్‌మని ఒకటే మోత.

నిన్న సాయంత్రం భూతాల బొమ్మల ఊరేగింపులో పక్కింటి గెడె రెచ్చగొట్టాడు. పాటయ్యేదాకా స్పీకరుకు చెవి ఆనించి నిలబడలేవన్నాడు. పదేళ్ల అర్యానికి పౌరుషం పొడుచుకొచ్చింది. నిలబడింది, గెలిచింది కూడా.

రేపు నాన్న గుడి వాద్యాలకు కంచు పలకల శ్రుతి చూడాలి. జతలో ఒక పలక రెండోదాని కంటే వెంట్రుకవాసి హెచ్చు శ్రుతిలో మోగాలి. అప్పుడే రెండూ కలిపి కొడితే నాదం అలలా ఊగుతుంది. ముప్పయ్యేళ్లుగా సుత్తి దెబ్బల మధ్య బతికిన నాన్నకు సన్నని మోతలు ఆనవు. ఆ అల వచ్చిందో లేదో చెప్పేది అర్యానే.

నాన్న గుసగుసగా పిలిచాడు. మూడోసారికి గానీ ఆ పిల్ల తల తిప్పలేదు. ఏమైందని అడిగితే ఇక దాచలేక ఏడుస్తూ అంతా చెప్పేసింది.

నాన్న తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. చెవి లోపల నత్తగుల్లలాంటి గది ఉంటుందట. అందులో కంటికి కనబడనంత చిన్న వెంట్రుకలు వరసగా నిలబడి ఉంటాయట. ధ్వనికి అవి ఊగితేనే మనకు వినబడుతుందట. డాక్టరు తనకు చెప్పిందంతా నాన్న మెల్లగా చెప్పాడు.

"వంగినవి ఒక్కోసారి మళ్లీ లేస్తాయి తల్లీ. విరిగినవి మాత్రం మళ్లీ మొలవవు. నావి పోయాక తెలిసింది నాకు."

"మరి నావి?"

"రేపు చూద్దాం."

తెల్లారేసరికి మోత తగ్గింది. కోడి కూత వినబడింది. నాన్న రెండు పలకలు కలిపి కొట్టాడు. అర్యాని కళ్లు మూసుకుంది. మొదట ఏమీ తెలియలేదు. ఇంకోసారి కొట్టమంది. సన్నగా అల ఊగింది. ఆ పిల్లకు ప్రాణం లేచొచ్చింది.

శ్రుతి ముగించి, కొత్త పలకలు సాగగొట్టడానికి నాన్న సుత్తి అందుకున్నాడు. అర్యాని గూట్లో వెతికి, నాన్నకు డాక్టరిచ్చిన రబ్బరు చెవి బిరడాలు కడిగి తెచ్చింది.

"నాకింకేం మిగిలాయే?" అని నాన్న నవ్వాడు.

"మిగిలినవైనా ఉండనీ నాన్నా," అంటూ తనే ఆయన చెవుల్లో పెట్టింది. ఆ తర్వాతే సుత్తి ఎత్తనిచ్చింది.