ఏడుపు ఆగిన సాయంత్రం

ఆ ఇంటి వెనుక సందులో చీకటి పడిన తర్వాత ఎవరూ నడిచేవారు కారు. దగ్గరి దారి అదే అయినా, చుట్టూ తిరిగి పెద్ద వీధి మీదుగా పోయేవారు. తప్పనిసరై సైకిలు మీద వెళ్ళేవాడు కూడా, ఆ చెట్టు దగ్గరకు వచ్చేసరికి తల వంచి, ఊపిరి బిగబట్టి తొక్కేవాడు.

ఎందుకంటే — ఆ చెట్టు ఏడ్చేది.

పెరటి గోడను ఆనుకుని ఉన్న నిద్రగన్నేరు అది. నిలువెత్తు వరకు ఒకటే మాను. అక్కడి నుంచి రెండుగా చీలి, ఒక కొమ్మ సందు మీదికి, రెండవది ఇంటి వెనుకగది మీదికి వాలి ఉండేవి. పొద్దు గుంకగానే ఆకులన్నీ జంటజంటలుగా ముడుచుకునేవి. గాలి లేచేది. ఆ పైన… సన్నగా, సాగదీస్తూ, గుక్క తిప్పుకోకుండా, ఆడమనిషి గొంతు వంటి ఏడుపు.

వెనుకగదిలో ఆ ఇంటివారు ఎన్నడూ పడుకోలేదు. విరిగిన కుర్చీలు, పాత పరుపు, మూలపడిన కుట్టుమిషను — ఇవే అందులో కాపురం చేసేవి.

ఇది నేను కళ్ళారా చూసిన సంగతి కాదు. మా చెల్లెలి కూతురు చెప్పగా విన్నది. భవనాల పక్కన ఉన్న చెట్లను పరీక్షించి, ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. అందరూ చెట్ల డాక్టరమ్మ అంటారు. చిన్ననాటి నుంచీ దెయ్యమన్న మాట వింటే నవ్వే పిల్ల.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఆ పెరట్లో నిచ్చెన వేసింది. ఇంటి యజమానురాలు, కుట్టుపని చేసి కొడుకును పెంచిన గట్టి మనిషి, కింద నిలబడి చూస్తున్నది. కొడుకు లారీ మీద దూరాలు పోతాడు. కోడలు చంటిబిడ్డను భుజాన వేసుకుని, గడప దాటకుండా అక్కడే ఆగిపోయింది.

డాక్టరమ్మ కొయ్యసుత్తితో మానును తట్టి, చెవి ఆనించి విన్నది. గుల్ల లేదు. సందు వైపు కొమ్మ కూడా గట్టిదే. ఇంటి వైపు కొమ్మ మాత్రం చీలిక దగ్గర సన్నగా నెర్రె విచ్చి ఉన్నది. అక్కడే బెరడు పెదవిలా ఉబ్బి, ఏదో మింగినట్టు ముడుచుకుని ఉన్నది. వేలు పెడితే — చల్లగా ఇనుము తగిలింది.

కిందికి దిగి నవ్వింది.

"మీ దెయ్యం దొరికిందండీ. ఈ కొమ్మలు విడిపోకుండా ఎప్పుడో ఎవరో అడ్డంగా ఇనుప కడ్డీ దూర్చి బిగించారు. చెట్టు లావెక్కి దాన్ని మింగేసింది. గాలికి కొమ్మలు ఊగినప్పుడల్లా కడ్డీ కొయ్యను ఒరుసుకుని మూలుగుతోంది. అంతే."

అత్తగారు ముక్కున వేలేసుకున్నది. "అంతేనా? ఇన్నేళ్ళూ ఇనపముక్కకా మేము జడుసుకున్నది? కాస్త నూనె పోసి ఉంటే నోరు మూసేదన్నమాట."

కోడలు నవ్వలేదు. మెల్లగా అడిగింది.

"కడ్డీ అయితే అక్కా… మా వాడు ఏడుపు మొదలుపెట్టగానే అదెందుకు ఊరుకుంటుంది?"

"గాలి తగ్గి ఉంటుందమ్మా."

కోడలు బిడ్డను భుజం మార్చుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చెట్ల పరీక్షలో ఒక పద్ధతి ఉన్నది. కొమ్మ ఎంత బలహీనమన్నది సగం విచారణ మాత్రమే; విరిగితే ఎవరి మీద పడుతుందన్నది మిగిలిన సగం. మనుషులు మసలని చోట పడే కొమ్మకు తొందర లేదు. డాక్టరమ్మ కిటికీలోంచి వెనుకగదిలోకి తొంగి చూసింది. విరిగిన కుర్చీలు కనిపించాయి, సాలెగూళ్ళు కనిపించాయి.

"తొందరేమీ లేదండీ," అన్నది. "వానలు వెలిశాక మనుషులను పంపి ఆ కొమ్మ కోయిస్తాం."

అని వెళ్ళిపోయింది. తొందర లేదన్న ఆ మాట మాత్రం ఆ ఇంట్లో మిగిలిపోయింది.

కొన్నాళ్ళు గడిచాయి. అదే వీధిలో మరొక పని ముగించుకుని వస్తూ, దీపాలు పెట్టే వేళకు డాక్టరమ్మ ఆ ఇంటి ముందు ఆగింది. వాన రాబోతున్నది. గాలి ఈడ్చి కొడుతున్నది. అత్తగారు గుమ్మంలో కూర్చుని చొక్కాకు బొత్తాలు కుడుతున్నది.

"రా డాక్టరమ్మా. నీకు నూరేళ్ళాయుష్షు. ఇప్పుడే నిన్ను తలుచుకున్నాం."

"నన్నెందుకండీ?"

"ఎందుకేమిటి? నువ్వు వచ్చి వెళ్ళాకే మా ప్రాణం తెరిపిన పడింది. ఆ చెత్తంతా బయట పారేసి, వెనకగదికి సున్నం కొట్టించాను. ఇంట్లోకెల్లా చల్లని గది, ఇన్నాళ్ళూ వట్టి పిరికితనానికి వదిలేశాం. కోడలూ మనవడూ ఇప్పుడు అక్కడే పడుకుంటున్నారు."

డాక్టరమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది.

"ఎక్కడా?"

"వెనకగదిలోనే. ఇప్పుడే వాణ్ణి జోకొడుతూ తనూ నడుం వాల్చింది. ఇంకో మంచి మాట చెప్పనా… ఇవాళ పొద్దుగుంకినప్పటి నుంచీ ఆ ఏడుపు కూడా లేదు."

గాలి… ఇళ్ళ రేకులను ఎత్తి కొడుతున్న గాలి. వీధిలోని ప్రతి చెట్టూ హోరెత్తుతున్నది. పెరటి వైపు నుంచి మాత్రం — ఏమీ లేదు.

డాక్టరమ్మ చెవులు రిక్కించి విన్నది. ఇంత గాలికి కడ్డీ మూలగాలి. మూలగడం లేదంటే, బిగువు పోయింది. బిగువు పోయిందంటే… కడ్డీ తెగింది. ఆ కొమ్మను పట్టి ఉంచేది ఇక ఏదీ లేదు.

చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది.

వెనుకగది తలుపు తోసింది. చీకటి. పచ్చి సున్నం వాసన. మంచం మీద కోడలు కునుకు తీస్తున్నది. పక్కలో బిడ్డ నిద్రపోలేదు; ఏడవడమూ లేదు. కళ్ళు విప్పుకుని కప్పు వైపే చూస్తున్నాడు — అక్కడి నుంచి ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు.

"లే…" అని చెవి దగ్గర గొణిగింది డాక్టరమ్మ. "బిడ్డను ఎత్తుకో."

"ఏమైందక్కా?"

"అడగకు. రా."

పైన ఎక్కడో… పాతగుడ్డ చింపినట్టు చిన్న చప్పుడు.

కోడలు బిడ్డను గుండెకు అదుముకుని లేచింది. చీర కొంగు మంచం కోడుకు చిక్కుకున్నది. డాక్టరమ్మ రెండు చేతులా పట్టి లాగింది. కొంగు చిరిగింది. గడప దాటారు. వంటింట్లోకి వచ్చి పడ్డారు —

ఇల్లంతా అదిరింది.

సున్నపు దుమ్ము అణిగాక దీపం ఎత్తి చూశారు. గది లేదు. ముడుచుకున్న ఆకులతో, నిద్రలో ఉన్నట్టే, ఆ కొమ్మ మంచం మీద పడుకుని ఉన్నది.

అత్తగారి చేతిలో సూది ఇంకా అలాగే ఉన్నది. "నేనే పడుకోబెట్టాను… నేనే…" అంటూ గోడకు చేరగిలబడిపోయింది.

"కాదండీ," అన్నది డాక్టరమ్మ. "తొందర లేదన్నది నేను."

మర్నాడు రంపాలవాళ్ళు వచ్చారు. మొదట చీలిక దగ్గర కోసి, కడ్డీని తనకు చూపించమన్నది డాక్టరమ్మ. దాని మీద పంతం పట్టినట్టు అక్కడే నిలబడింది. కోశారు. చూసింది. మరొకసారి వంగి చూసింది.

కొత్తగా తెగిన ఇనుము మెరవాలి. ఇది మెరవలేదు. తెగిన రెండు కొసలూ తుప్పు పట్టి, వేలితో నలిపితే పొడిగా రాలాయి. వాటి నడుమ జానెడు కొయ్య పెరిగి, గట్టిపడి, సందు లేకుండా మూసుకుపోయి ఉన్నది. ఆ కడ్డీ తెగింది నిన్న కాదు. ఆ కోడలు కాపురానికి రాకముందే, బహుశా పుట్టకముందే తెగి ఉంటుంది. కొయ్యలో సమాధి అయిన ఇనుము కదలదు. కదలని ఇనుము ఒరుసుకోదు.

ఈ మాట ఆ పిల్ల మా ఇంట్లో కూర్చుని నాతో చెప్పింది.

"ఏడ్చింది కడ్డీ కాదు పెద్దమ్మా."

"మరి ఎవరే?"

చేతిలోని గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పింది.

"దాని ఏడుపుకు జడిసినన్నాళ్ళూ ఆ గదిలో ఎవ్వరూ పడుకోలేదు. నేను వెళ్ళి… దానికో కారణం చెప్పి వచ్చాను."

అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కాని మొన్న ఆ వీధి నుంచే మళ్ళీ కబురు వచ్చింది. ఈసారి ఎదురింటి నుంచి. అక్కడ ఉన్నది వయసులో ఉన్న చెట్టు, నిటారుగా పెరిగినది. ఆ ఇంటాయన గడియారాలు బాగుచేసే మనిషి, ప్రతిదానికీ కారణం కావాలంటాడు.

"సాయంత్రమైతే ఏడుస్తోందండీ. మీరైతే లోపల ఏముందో చెప్పగలరని…"

డాక్టరమ్మ సుత్తితో తట్టింది. గట్టిగా ఉన్నది. పైకి ఎక్కి కొమ్మ కొమ్మా తడిమింది. నెర్రె లేదు, పుచ్చు లేదు, ఇనుము లేదు. దిగి వచ్చి, చెట్టు కింది కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"ఆ గదిలో ఎవరు పడుకుంటారు?"

"మా నాన్నగారండీ. ఎందుకు? చెట్టులో ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు," అన్నది డాక్టరమ్మ.

అంటూనే లోపలికి నడిచి, ముసలాయన మంచానికి ఒక కొస తానే ఎత్తి పట్టుకున్నది.