ఎదురుతీగ

ఆశ్లేష కార్తె. ఆ ఉదయం ఆకాశం మూత వేసిన కడవలా ఉంది. నల్లమల వైపు నుంచి వచ్చిన మబ్బు నంద్యాల మీద ఆగి, కురవకుండా, కదలకుండా నిలబడింది. తూర్పున సన్నని చీలికలోంచి పడిన వెలుతురు, బండ్లకు పాటపెట్టెలు బిగించే హుసేనప్ప కొట్టు ముందు ఆగిన బండి పైకప్పు మీద మాత్రం మెరుస్తోంది.

అది తానుబండి. తోలేవాడు అక్కర్లేదు. లోపల రెండు పక్కలా రెండు బల్లలు, బల్లకు ఆరుగురు కూర్చోవచ్చు. పైకప్పు నడిమధ్యన గిన్నె బోర్లించినట్టు ఉన్నది శబ్దహరణి. తలుపు మూసుకున్నాక బండిలో పుట్టే ఏ చప్పుడునైనా అది వింటుంది. విన్న మరుక్షణం దానికి సరిగ్గా ఎదురు చప్పుడు పుట్టించి రెంటినీ చెరిపేస్తుంది. చక్రాల మోత, గాలి హోరు, పక్కమనిషి దగ్గు ఏదీ మిగలదు. ఆ నిశ్శబ్దంలో ఎవరి చెవితెరలో వాళ్ల పాట. చెవితెర ఉల్లిపొరంత ఉంటుంది. చెవిలోపల అతికించుకుంటే మనిషి నాడిని చూసి, ఆ నాడికి తగిన వేగంతో పాడుతుంది. ఒకే పాట పన్నెండుమందికి పంపినా పన్నెండు తీర్లుగా వినబడుతుంది. ఇరవై ఏళ్లుగా లోకం అట్లాగే నడుస్తోంది. బస్సుల్లో తగువులు లేవు. ఇళ్లల్లోనూ పెద్దగా లేవు.

బండి దిగిన సుంకమ్మ చెవులకు తెరలు లేవు. సంచిలోంచి ఒక ఇనుప పెట్టె, రెండు స్పీకర్లు తీసి హుసేనప్ప ముందు పెట్టింది. ఇంట్లో ట్రాక్టరును పాతసామాన్లకు అమ్మిన రోజున పీకి అటక మీద దాచిన స్టీరియో అది.

"దీన్ని బండికి బిగించల్ల తమ్ముడా. రేపు పొద్దున్నకు పలకల్ల."

హుసేనప్ప తన చెవితెర తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె ఇంకోసారి చెప్పింది.

సుంకమ్మ పన్నెండుమంది ఉన్న నాటుబృందానికి పెద్ద. కాలువ కింద విత్తన వరి మళ్లలో ఇప్పటికీ నారు చేత్తోనే నాటిస్తారు. పుప్పొడినిచ్చే మగమొక్కలవి రెండు సాళ్లు, గింజకట్టే ఆడమొక్కలవి ఎనిమిది, మళ్లీ రెండు మగసాళ్లు. ఒక్క మొక్క పక్క సాలులో పడినా విత్తనం చెడుతుంది. పన్నెండుమందీ వంగి, వెనక్కి ఒక్కటిగా అడుగు వేస్తేనే సాలు తిన్నగా వస్తుంది. ఒకప్పుడు ఆ అడుగును పాట వేయించేది. పెద్దామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు, చరణం ముగిసిన చోట అందరూ వెనక్కి జరిగేవారు. ఇప్పుడు ఎవరి పాట వాళ్లది, ఎవరి అడుగు వాళ్లది. ఈ ఏడు రెండు మళ్లు వంకరపోయాయి. రేపటి మడి కూడా అట్లే పోతే నాటుయంత్రం దించుతానని విత్తన కంపెనీ సూపర్‌వైజరు చెప్పేశాడు. దిగిన యంత్రం మళ్లీ ఎక్కదు. ఇరవై ఆరేళ్ల బృందం ఆ రోజుతో చెల్లాచెదురవుతుంది.

మడిలో తెరలు తీయించి చూసిందట. యాభై నిమిషాల దారి పొడుగునా సొంత పాటలు విని దిగినవాళ్లకు, తెర తీసినా తలలో అదే పాట తిరుగుతోంది. ఆమె పాడింది ఒక్కరికీ ఎక్కలేదు. బండిలోనే తీయించబోతే, శబ్దహరణి కింద బావిలో కూర్చున్నట్టుందని భయపడి మళ్లీ పెట్టేసుకున్నారు.

శబ్దహరణిని పీకితే బండి కదలదని హుసేనప్ప ముందే చెప్పాడు. అయినా పనిలోకి దిగాడు.

పసుపు తీగ బ్యాటరీకి, ఎర్ర తీగ మీటకు, నల్ల తీగ బండి ఒంటికి. అది అతని చేతులు మరిచిపోని వరస. కానీ ఈ బండి ఒళ్లంతా నారపలక. ఇనుము లేని చోట నల్ల తీగకు ఆనిక లేదు. దాన్ని చుట్టూ తిప్పి బ్యాటరీ దాకా తీసుకుపోయాడు. బండి కరెంటు నలభై ఎనిమిది వోల్టులు, పెట్టె అడిగేది పన్నెండు. మధ్యలో తగ్గింపు పెట్టె పెట్టి, పసుపు తీగకు ఫ్యూజు వేశాడు.

స్పీకరు తీగల మీది రంగులు ఎండకు ఎప్పుడో పోయాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి అతను చిన్న బ్యాటరీ సెల్లు తీసి తీగలకు తాకించాడు. స్పీకరు పొర ముందుకు ఉబికితే తీగ సరైనది, లోపలికి పోతే తిరగబడింది. రెంటినీ చూసుకుని ముడులు వేసి బల్లల కింద బిగించాడు.

పాట కావాలి కదా అన్నాడు. సుంకమ్మ నోరు తెరిచి మూసుకుంది. చేతులు నీళ్లలో లేనిదే ఆమెకు పాట రాదు. అతను నవ్వకుండా బేసిను నిండా నీళ్లు తెచ్చిపెట్టాడు. ఆమె కొంగు దోపుకొని వంగి, నీళ్లను తడుతూ పాడింది. పాత ఫోనులో పట్టుకుని పెట్టెలోకి ఎక్కించాడు.

తలుపు మూశారు. మీట నొక్కాడు. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. చప్పుడు లేదు. బల్ల కిందికి చేయి పెట్టి చూస్తే స్పీకరు పొర అదురుతూనే ఉంది. పాడుతోంది, పైకప్పు మీది గిన్నె మింగేస్తోంది.

మధ్యాహ్నం దాకా స్పీకర్లను అటూ ఇటూ జరిపి చూశాడు, ఊడదీసి మళ్లీ బిగించాడు. ఆఖరిసారి ఎడమ బల్ల కింద వెల్లకిలా పడుకుని, సెల్లు తాకించి, ముడి వేసి లేచాడు. తలుపు మూసి, ఇదే చివరిదన్నట్టు మీట నొక్కాడు.

సుంకమ్మ కళ్లు పెద్దవయ్యాయి. వేలితో తన చెవి చూపించింది. హుసేనప్పకు కూడా వినబడుతోంది. ఎడమ బల్ల మీద ఉంది, కుడి బల్ల మీద ఉంది. నడుమ దారిలో నిలబడితే మాత్రం లేదు.

అతను అక్కడే నిలబడిపోయాడు. తరువాత కిందికి వంగి ఎడమ స్పీకరు చూశాడు. పడుకున్నవాడికి కనబడింది స్పీకరు వీపు. వెనకనుంచి చూసి, లోపలికి పోయినదాన్ని ముందుకు వచ్చినట్టు లెక్కేశాడు. ఎడమది తిరగబడింది. కుడిది నెట్టినప్పుడు ఎడమది గుంజుతోంది. సరిగ్గా నడిమధ్యన రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. గిన్నె ఉన్నది నడిమధ్యనే. దానికి ఏమీ వినబడడం లేదు. వినబడనిదాన్ని అది చెరపలేదు.

తలుపు తెరిచి, పని నేర్చుకునేవాడు చేసే తప్పు చేశానని తల గోక్కున్నాడు. తీగలు అటుదిటు పడ్డాయి, సరిచేస్తానని స్క్రూడ్రైవరు అందుకున్నాడు. తప్పు తీగ వదిలేసి బండి పంపిన రోజు అతని కొట్టులో లేదు.

"చెయ్యి పెట్టినావంటే ఊరుకోను" అంది సుంకమ్మ.

మర్నాడు పన్నెండుమందీ బండెక్కారు. ఫ్యూజు చూసుకోవాలన్న సాకుతో హుసేనప్ప వెనక మూల కూర్చున్నాడు. తెరలన్నీ సద్ది గిన్నె మూతలో వేయమంది సుంకమ్మ. అందరిలోకీ నోరున్నది మాబున్ని.

"సుంకమ్మత్తా, ఇరవయ్యేండ్లు నీ తిట్లు తప్పించుకున్నెం. ఇప్పుడు పాట గూడా వినల్లనా?" అంటూనే తెర తీసి మూతలో పడేసింది.

తలుపు మూసుకుంది. నీళ్ల తట్టుడు మొదలై, వెంట సుంకమ్మ గొంతు వచ్చింది. మొదట ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎదుటి మనిషి కూడా అదే వింటోందని తెలిసి కొందరికి సిగ్గేసినట్టుంది. కాలువ వంతెన దాటేసరికి మడమలు తాళానికి కదులుతున్నాయి. ఆ తరువాత మాబున్ని పెదవులు. ఆపైన అందరివీ. పెదవులు కదులుతున్నాయి గానీ గొంతులు లేవు. వాటిని గిన్నె ఎప్పటికప్పుడు చెరిపేస్తోంది. ఎవరు ఎట్లా పాడుతున్నారో ఎవరికీ తెలియదు.

మడి దగ్గర తలుపు తెరుచుకుంది. పన్నెండు గొంతులు ఒక్కసారి బయటపడ్డాయి. మాబున్ని మెట్టు మీదే ఆగి చుట్టూ చూసింది. అందులో తన గొంతు ఏదో ఆమెకు కాసేపు తెలియలేదు.

నారు కట్టలు విప్పి దిగారు. తాడు లాగారు. సుంకమ్మ ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు, చరణం ముగిసిన చోట పన్నెండు జతల కాళ్లు బురదలోంచి ఒక్క చప్పుడుతో లేచాయి. రెండో చరణంలో ఎవరో తప్పారు, నవ్వుకున్నారు, మూడో చరణంలో కలిశారు. హుసేనప్ప గట్టు మీద కూర్చుని చూశాడు. మబ్బు నిన్నటి లాగే నిలబడి ఉంది. దాని కింద పచ్చని గీతలు ఒకదాని పక్కన ఒకటి పడుతూ పోయాయి.

నడిపొద్దుకు సూపర్‌వైజరు వచ్చాడు. పాట అతని చెవిదాకా పోలేదు, తెర ఉంది. మడికి అడ్డంగా తాడు పట్టించి ఆ చివరనుంచి ఈ చివరకు నడిచాడు. మగసాలు దగ్గర కూర్చుని చూశాడు. లేచి, తూర్పు మడి నారు రేపటికి పీకించి పెడతానని సుంకమ్మతో చెప్పి వెళ్లిపోయాడు. యంత్రం మాట ఎత్తలేదు.

కాలువలో కాళ్లు కడుక్కుని వరసగా గట్టు మీద కూర్చున్నారు. సద్ది గిన్నెలు విప్పారు. మూతలో తెరలు అట్లాగే ఉన్నాయి. ఎవరూ వాటివైపు చేయి చాచలేదు. సుంకమ్మ జొన్నరొట్టె విరిచి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టి, ముందు హుసేనప్పకు అందించింది. అందరూ తిన్నారు. గట్టుకు కొట్టిన గండిలోంచి మడిలోకి నీళ్లు పారుతున్నాయి. ఆ చప్పుడును పదమూడుమందీ విన్నారు.