పేరు తీసేసిన వ్యాసం

బ్రాడీపేటలోని ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ దిగకముందే తీర్పులు దిగడం ఆనవాయితీ. లా కాలేజీ ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసిన రామచంద్రమూర్తిగారు వరండాలో పేము కుర్చీని అధిష్ఠించి, తాము స్థాపించి పోషిస్తున్న 'దండనీతి' అనే నేరశాస్త్ర త్రైమాసిక సామ్రాజ్యాన్ని పరిపాలిస్తారు. ఆ సామ్రాజ్యానికి చందాదారులు తక్కువ, ఆజ్ఞలు ఎక్కువ. వచ్చిన వ్యాసం అచ్చుకెక్కాలో అటకెక్కాలో ఆయన కనుబొమ్మే తేల్చేది.

రెండువేల మూడులో ఆ సామ్రాజ్యంలో విప్లవం వచ్చింది. తెచ్చింది పరాయివారు కాదు, కూతురు రాగసుధే. కాలేజీలో నేరశాస్త్రం చెబుతూ పత్రిక పనంతా భుజాన వేసుకున్న ఆమె, విశ్వవిద్యాలయం గుర్తింపు కావాలంటే పద్ధతి మారాలని పట్టుబట్టింది. రచయిత పేరున్న పేజీ తీసేసి వ్యాసాన్ని పరిశీలకులకు ఇవ్వాలి. వాళ్లు కాదంటే ఎంతటివాడిదైనా వెనక్కి పోవాలి.

"పేరు తీసి ఏం లాభమమ్మా? మొదటి వాక్యం చదివితే రాసినవాడి గోత్రం చెప్పగలను నేను" అని ఆయన నవ్వారు. నవ్వుతూనే ఒప్పుకున్నారు. గుర్తింపు మీద ఆశ చక్రవర్తులకూ ఉంటుంది.

మరుసటి వేసవిలో ఒక ఉదయం ఆయన చేతికి సెటిల్మెంటు ఊళ్ల మీద వ్యాసం వచ్చింది. తెల్లదొరలు కొన్ని కులాలకు దొంగలని ముద్రవేసి, ఒకచోట కూర్చి, కాపలా పెట్టిన ఊళ్లవి. అక్కడివాళ్లకు నేరం తరతరాలుగా నెత్తురులోనే పారుతోందని వ్యాసకర్త సిద్ధాంతం.

"రాసుకో సుధా" అన్నారు మూర్తిగారు గొంతు సవరించుకుని. "ఈ మహానుభావుడికి అరెస్టుకూ నేరానికీ తేడా తెలియదు. జిల్లాలో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు ఈ ఊళ్లకే పోతారు. పోతే దొరికేదీ ఈ ఊళ్లవాళ్లే. ఆ లెక్క చూసి నెత్తురు దోషమంటాడా? గాలానికి చేపలే పడ్డాయి గనక చెరువులో కప్పల్లేవన్నట్టుంది. తిరస్కరించవలెను!"

రాగసుధ కలం ఆగిపోయింది. ఆ వ్యాసం పంపింది తమ్ముడు కార్తిక్. ఒంగోలులో ప్రైవేటు కాలేజీ లెక్చరరు. నెలాఖరులోగా ఒక పరిశోధన వ్యాసం అచ్చు కాకపోతే వేరే దారి చూసుకోమని మేనేజిమెంటు వాడికి చెప్పేసింది. సంపాదకుడి కొడుకే వ్యాసం పంపితే ఏం చేయాలో ఆమె రాసిన నియమావళిలో లేదు. సెటిల్మెంటు ఊళ్ల సంగతి తెలిసిన పరిశీలకులు తండ్రిగారొక్కరే కావడంతో, పేరు తీశాను కదా అని ధైర్యం చేసి ఆయనకే ఇచ్చింది.

"సుధా, ఒకసారి ఇలా రావే" అని వంటింట్లోంచి తల్లి కనకలక్ష్మి పిలిచింది. బాణలిలో ఎండుమిరపకాయలు వేగుతున్నాయి. ఘాటుకు రాగసుధ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అది మనవాడిదేనటగా?"

"నీకెవరు చెప్పారు?"

"వాడే ఫోన్ చేశాడు. బస్సు దిగాడట, వచ్చేస్తున్నాడు. పోయి ఆయన చెవిన వెయ్యి. కొడుకుదని తెలిస్తే ఆయనే నాలుగు ముక్కలు దిద్ది వేసేస్తారు."

"అందుకేనమ్మా చెప్పనిది."

"నియమాలు నువ్వు పెట్టినవే కదటే, బ్రహ్మ రాసినవా? వాడి పొట్ట కొట్టి మరీ పత్రికను బాగు చెయ్యాలా?"

"నేను పెట్టినవి గనకే నేను దాటకూడదు."

కనకలక్ష్మి గరిటెను బాణలి మీద ఠంగుమనిపించింది. అప్పీలు ఇంకా నడుస్తోందని దాని అర్థం.

ఇంతలో కార్తిక్ గేటు తీసుకుని వచ్చాడు. వాడు చెప్పులు విడిచీ విడవకముందే మూర్తిగారు, "రారా, సమయానికి వచ్చావు. వ్యాసం ఎలా రాయకూడదో విను" అంటూ తమ తీర్పును కప్పలతో సహా రాగయుక్తంగా చదివి వినిపించారు.

కార్తిక్ మొహం మొదట పాలిపోయింది. తర్వాత వాడు నవ్వాడు. ఆ నవ్వు విని రాగసుధ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు రాశారో చెప్పండి నాన్నగారూ. మొదటి వాక్యానికే చెప్పగలరుగా?"

"ఎవడో, స్టేషను రికార్డు తప్ప ఊరి మొహం చూడనివాడు."

"ఏవండీ, చాలు ఆపండి! అది వాడిదండీ!" అంది కనకలక్ష్మి, కూతురి భుజం మీదుగా.

మూర్తిగారు నెమ్మదిగా కళ్లద్దాలు తీశారు. చూపు కొడుకు మీద కాదు, కూతురి మీద నిలిచింది. "నీకు తెలుసు. తెలిసి నా కొడుకును నా నోటితోనే..."

"అక్కనేమీ అనకండి" అన్నాడు కార్తిక్. "అది నాది కాదు, మీదే. నా వయసులో మీరు ఇంగ్లీషులో రాసి కాలేజీ మ్యాగజైనులో వేసుకున్నారే, అదే. తెలుగు చేశాను. అంతే."

చక్రవర్తి తన టంకశాల నాణేన్నే దొంగనాణెమని విసిరికొట్టిన సంగతి సభకు తెలిసిపోయింది.

"అంటే దొంగిలించావన్నమాట. నేరశాస్త్రం పుట్టిన ఇంట్లో!"

"తండ్రి ఆస్తే కదా నాన్నగారూ."

"అయితే సగం నాదిరా. నన్నూ అడగాల్సింది" అంది రాగసుధ, వేడి కాస్త తగ్గిద్దామని. ఎవరూ నవ్వలేదు.

"నీకు రాయడం రాక కాదే. ఎందుకురా?" అన్నారు మూర్తిగారు. గొంతులో గద్దింపు సగానికే ఆగింది.

"వక్తృత్వం పోటీకి నేను రాసుకున్నది కొట్టేసి మీరు రాసిచ్చేవారు. నా పెళ్లి శుభలేఖా మీరే దిద్దారు. మీ దగ్గర నెగ్గాలంటే మీ మాటలే కావాలనుకున్నాను. ఈ ఇంట్లో మీ మాట తప్ప ఇంకో మాట నెగ్గగా నేను చూళ్లేదు నాన్నగారూ."

రాగసుధ తండ్రి వైపు చూసింది. ఒక్క మాటతో ఆయన నియమాన్ని రద్దు చేయగలరు. వ్యాసం అచ్చవుతుంది, పరువూ ఉద్యోగమూ రెండూ దక్కుతాయి. మూర్తిగారు తాము చెప్పి రాయించిన కాగితాన్ని మళ్లీ మొదటినుంచీ చదువుకున్నారు.

"సుధా, తీర్పులో అక్షరం మార్చకు. తిప్పి పంపెయ్."

"వాడి ఉద్యోగమండీ!"

"ఉద్యోగం ఇంకోటి చూసుకుంటాడు కనకం. ఇది అచ్చేస్తే ఆ ఊళ్లవాళ్లు నా చేతిలో మళ్లీ దొంగలవుతారు." కనకలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కొడుకు వైపు తిరిగారు. "కూర్చో. ఆ ఊళ్ల గురించి నీకేం తెలుసో చెప్పు. నేను రాసింది కాదు."

కార్తిక్ స్టూలు అంచున కూర్చున్నాడు. "నేను పాఠం చెప్పే క్లాసులో ఆదాం అని ఉన్నాడు నాన్నగారూ. ఆ ఊళ్లవాడే. బస్టాండులో ఎవరి పర్సు పోయినా, వాడికి స్టేషను నుంచి... అంటే కబురు వస్తుంది. పరీక్ష రోజున కూడా వచ్చింది. నేను పోయి మావాడేనని... అది ఎలా చెప్పాలంటే..."

వాక్యం కుంటుతోంది. మూర్తిగారి పెదవులు కదిలాయి. దిద్దుబాటు ఒరలోంచి సగం పైకి వచ్చింది. కార్తిక్ చిన్నప్పటి అలవాటు కొద్దీ ఆగి, తల వంచుకుని ఎదురుచూశాడు.

దిద్దుబాటు రాలేదు. తలెత్తి చూస్తే తండ్రి కళ్లు తడిగా ఉన్నాయి.

"ఊఁ" అన్నారాయన. "తర్వాత?"